ఓక్ చెట్లు విరగకాసిన ఏడాది టర్కీలు ఎందుకు దొరకవు? అపలాచియన్ అడవుల్లో ఆకురాలు కాలపు వేట

అమెరికాలో టర్కీ వేట అంటే చాలామందికి ముందు ఏప్రిల్ నెలే గుర్తొస్తుంది. అప్పుడు పుంజు తెల్లవారకముందే చెట్టు మీది నుంచి కూత అందుకుంటుంది. పురి విప్పి పెట్టల కోసం తిరుగుతుంది. వేటగాడు పెట్ట గొంతుతో పిలిస్తే ఆశపడి దగ్గరికొస్తుంది. అక్టోబర్ నాటికి ఆ హడావుడేమీ ఉండదు. పుంజు కూత ఎప్పుడో ఒకసారి తప్ప వినపడదు. పుంజులు పుంజులతో, పెట్టలు పిల్లలతో వేరువేరు గుంపులు కట్టుకుని తిండి వెతుక్కుంటూ తిరుగుతుంటాయి. వర్జీనియా, వెస్ట్ వర్జీనియా, పెన్సిల్వేనియా రాష్ట్రాల్లోని అపలాచియన్ కొండల్లో సాగే ఈ ఫాల్ (ఆకురాలు కాలం) సీజన్ గురించి ఎంత మాట్లాడినా రెండు ప్రశ్నల దగ్గరికే రావాలి. ఈ ఏడాది ఓక్ చెట్లు ఎలా కాశాయి? ఈ వేటలో ఎన్ని పెట్టలు పోతున్నాయి? మొదటిదాన్ని బట్టి వేటగాడికి పక్షి కనిపిస్తుందో లేదో తేలుతుంది. రెండోదాన్ని బట్టి ఆ కొండల్లో వచ్చే ఏడు ఎన్ని టర్కీలుంటాయో తేలుతుంది. మొదటిది రెండోదాన్ని నేరుగా ప్రభావితం చేస్తుంది కాబట్టే ఈ సీజన్ నిర్వహణ వసంతకాలపు వేట కన్నా చిక్కుగా ఉంటుంది.

ముందు పక్షి గురించి కొంచెం. మన ఊళ్లలో కొందరు పెంచే టర్కీ కోడిని చూసి అడవి టర్కీని ఊహించుకోకూడదు. పెంపుడు టర్కీ మెక్సికోలోని ఒక ఉపజాతి నుంచి వచ్చింది. 16వ శతాబ్దంలో స్పెయిన్ వాళ్లు దాన్ని యూరప్‌కు తీసుకెళ్లాక ప్రపంచమంతా పాకింది. తూర్పు అమెరికా అడవుల్లో ఉండేది వేరే ఉపజాతి. పెద్ద పుంజు 8 నుంచి 10 కిలోల దాకా, పెట్ట నాలుగైదు కిలోల దాకా తూగుతుంది. గంటకు 40 కిలోమీటర్ల వేగంతో పరిగెత్తగలదు, తక్కువ దూరాలకైతే 80 కిలోమీటర్లు దాటిన వేగంతో ఎగరగలదు. రాత్రిళ్లు ఎత్తైన చెట్టెక్కి పడుకుంటుంది. వాసన పెద్దగా పసిగట్టదు గానీ చూపూ వినికిడీ చాలా చురుకు. కళ్లు తలకు రెండు పక్కలా ఉంటాయి కాబట్టి మెడ కాస్త తిప్పితే చాలు, చుట్టూ కనిపిస్తుంది. రాలిన ఆకుల మీద చప్పుడు చేసుకుంటూ నడిచేవాడికి అది దొరకడం దాదాపు జరగని పని.

ఆ కొండల మీద హార్డ్‌వుడ్ అడవి అంటే ఓక్, హికరీ, బీచ్, మేపుల్ లాంటి వెడల్పాకుల చెట్లు. వేసవిలో టర్కీ పిల్లలు మిడతలూ పురుగులూ తిని పెరుగుతాయి. చలి మొదలై పురుగులు తగ్గే సమయానికి ఓక్ కాయలు రాలడం మొదలవుతుంది. టర్కీ ఆ కాయను పగలగొట్టదు, పెంకుతో సహా మింగేస్తుంది. మిగతా పని కందనకాయది. అంతకుముందు మింగిన చిన్న రాళ్ల సాయంతో పెంకును అది నుజ్జు నుజ్జు చేస్తుంది. బీచ్ గింజలు, డాగ్‌వుడ్ పళ్లు, అడవి ద్రాక్ష కూడా తింటుంది గానీ చలికాలానికి ఒంట్లో కొవ్వు పట్టేది ప్రధానంగా ఓక్ కాయలతోనే.

ఓక్ చెట్లలో రెండు వర్గాలున్నాయి. ఈ తేడా తెలియకుండా ఫాల్ వేట అర్థం కాదు. వైట్ ఓక్ వర్గం ఏప్రిల్, మే నెలల్లో పూసి అదే ఏడాది సెప్టెంబర్, అక్టోబర్‌కల్లా కాయలు రాలుస్తుంది. ఆ కాయల్లో వగరు తక్కువ. నేల మీద పడ్డ కొద్ది రోజులకే మొలకెత్తుతాయి, అందుకే జింకలు, ఉడతలు, ఎలుగుబంట్లు, టర్కీలు అన్నీ ముందు వాటి మీదే పడతాయి. రెడ్ ఓక్ వర్గం కాయ పండటానికి రెండు వేసవులు కావాలి. ఈ ఏడాది పూసిన పువ్వు వచ్చే ఏడాది చివర్లో కాయగా రాలుతుంది. అందులో వగరు ఎక్కువ. కానీ అది వసంతం దాకా మొలకెత్తకుండా ఆకుల కింద పడి ఉంటుంది కాబట్టి, జనవరి మంచులో టర్కీ ప్రాణం నిలిపేది తరచుగా అదే.

దీనివల్ల ఒక విచిత్రమైన లెక్క వస్తుంది. ఏప్రిల్ చివర్లో పూత మీద గట్టిగా మంచు పడితే, ఆ ఏడాది చివర్లో వైట్ ఓక్ కాయలుండవు. రెడ్ ఓక్ కాయలు మాత్రం ఉంటాయి, ఎందుకంటే అవి అంతకుముందు ఏడాది పువ్వులవి. రెడ్ ఓక్ దెబ్బ తినేది ఆ తర్వాతి ఏడాది. రెండు వర్గాలూ కలిసి ఉన్న కొండ మీద ఏదో ఒకటి ఆదుకుంటుంది. ఒకే వర్గం ఉన్న కొండ మీద ఒక్క రాత్రి మంచుతో ఏడాది తిండి పోతుంది. వెస్ట్ వర్జీనియాలో అటవీ జంతు విభాగం 1971 నుంచి ఏటా ఏ చెట్టు ఎంత కాసిందో సర్వే చేసి, వేట సీజన్‌కు ముందే ప్రకటిస్తోంది. అనుభవం ఉన్న వేటగాడు తుపాకీ శుభ్రం చేసుకునేలోపే ఆ నివేదిక చదివేస్తాడు.

కాయలు బాగా ఉన్న ఏడాది టర్కీలు సులువుగా దొరకాలి కదా అనిపిస్తుంది. జరిగేది దానికి పూర్తిగా వ్యతిరేకం. అడవిలో ఎటు చూసినా తిండి ఉన్నప్పుడు గుంపులు బయటికి రావాల్సిన అవసరం లేదు. రోడ్లకూ పొలాలకూ దూరంగా ఏ కొండ గట్టు మీదో కొద్దిపాటి జాగాలోనే తింటూ గడిపేస్తాయి. వేల ఎకరాల అడవిలో వాటిని వెతకడమే పెద్ద పని. కాయలు లేని ఏడాది అవే గుంపులు తిండి కోసం చాలా దూరం తిరుగుతాయి. కోసేసిన మొక్కజొన్న చేలలోకి, గడ్డి మైదానాల్లోకి, రోడ్ల అంచులకి దిగుతాయి. అందరి కళ్లల్లో పడతాయి. వర్జీనియాలో ఏళ్ల తరబడి సేకరించిన లెక్కల్లో ఇది స్పష్టంగా కనిపించింది. ఓక్ కాపు తగ్గిన ఏడాది ఫాల్ సీజన్‌లో చనిపోయే టర్కీల వాటా పెరుగుతుంది. అంటే టర్కీలు ఆకలితో, బలహీనంగా ఉన్న ఏడాదే వాటి మీద వేట భారం కూడా ఎక్కువ పడుతుంది. ఈ సీజన్‌లో ఉన్న అసలు ఇబ్బంది ఇదే.

ఒకప్పుడు ఈ ఒడిదుడుకులు ఇంతగా ఉండేవి కావు. అపలాచియన్ కొండల్లో అప్పట్లో చెస్ట్‌నట్ చెట్లు విస్తారంగా ఉండేవి. అవి జూన్, జులైల్లో పూసేవి కాబట్టి వసంతకాలపు మంచు వాటినేమీ చేసేది కాదు, దాదాపు ఏటా కాసేవి. 1904లో న్యూయార్క్ బ్రాంక్స్ జూలో ఆ చెట్లకు ఒక శిలీంధ్రం తెగులు కనిపించింది. 1950 నాటికి సుమారు 400 కోట్ల చెట్లు పోయాయి. నమ్మకంగా కాసే చెట్టు పోయి, ఒక ఏడాది కాసి మరో ఏడాది ఎగ్గొట్టే ఓక్ మీద అడవి మొత్తం ఆధారపడాల్సి వచ్చింది. అదే కాలంలో అడవుల నరికివేత, మార్కెట్ కోసం హద్దూ అదుపూ లేని వేట కలిసి 1930ల నాటికి దేశం మొత్తం మీద టర్కీలు రెండు లక్షలకు పడిపోయాయని అంచనా. 1937లో తుపాకులు, తూటాల మీద వసూలయ్యే పన్నును వన్యప్రాణి సంరక్షణకే కేటాయించే చట్టం వచ్చింది. ఫారాల్లో పెంచిన టర్కీలను అడవిలో వదిలితే అవి బతకలేదు. 1950ల నుంచి ఫిరంగి గొట్టాలతో వల విసిరి, అడవి పక్షుల్నే పట్టి వేరే చోట వదలడం మొదలయ్యాక పరిస్థితి మారింది. 2000 తర్వాత సంఖ్య దాదాపు 70 లక్షలకు చేరింది. వన్యప్రాణి సంరక్షణ చరిత్రలో ఇంత పెద్ద విజయాలు చాలా తక్కువ. అందుకే ఇప్పుడు మళ్లీ తగ్గుతుంటే చూస్తూ ఊరుకోకూడదు.

ఇక వేట ఎలా సాగుతుందంటే, ఎక్కువ భాగం నేల చూసుకుంటూ నడవడమే. కోళ్లు చెత్తకుప్పను కెలికినట్టే టర్కీలు కాళ్లతో ఆకుల్ని వెనక్కి చిమ్మి కింద ఉన్న కాయల కోసం వెతుకుతాయి. ఒక్క పక్షి కెలికిన చోట పళ్లెమంత ఖాళీ జాగా, దాని వెనక చిమ్మిన ఆకుల చిన్న పోగు కనిపిస్తాయి. ఆకులు వెనక్కే పడతాయి కాబట్టి పోగు ఎటుంటే పక్షి దానికి ఎదురు దిక్కుగా వెళ్లిందని అర్థం. ఒంగి ఆ మట్టిని వేలితో తాకి చూస్తే ఇంకా చాలా తెలుస్తుంది. మట్టి నల్లగా, తడిగా ఉండి, చిమ్మిన ఆకుల అడుగు వైపు తేమ ఆరకపోతే గుంపు వెళ్లి ఎంతోసేపు కాలేదు. మట్టి ఎండి, ఖాళీ జాగాలో కొత్త ఆకులు రాలి ఉంటే అది నిన్నటిదో మొన్నటిదో. ఒకటీ రెండూ కాకుండా ఒక కొండవాలు మొత్తం దున్నినట్టు ఉంటే అది పిల్లలతో ఉన్న పెద్ద గుంపు. రెట్ట చూసి కూడా చెప్పొచ్చు. పుంజుది పొడుగ్గా ఉండి చివర కొంకి తిరిగి ఉంటుంది, పెట్టది చుట్ట చుట్టుకుని ఉంటుంది. రాలిన రొమ్ము ఈక దొరికితే సందేహమే ఉండదు. పుంజు ఈక చివర నలుపు, పెట్ట ఈక చివర లేత గోధుమరంగు.

గుంపు కనిపించాక చేసే పని కొత్తవాళ్లకు వింతగా తోస్తుంది. వసంతకాలంలో చెట్టుకు ఆనుకుని కదలకుండా కూర్చునే వేటగాడే ఇప్పుడు తుపాకీ పక్కన పెట్టి, అరుచుకుంటూ గుంపు మధ్యలోకి పరిగెత్తుతాడు. ఉద్దేశం వాటిని చెదరగొట్టడం. అన్నీ ఒకే దిక్కుగా ఎగిరిపోతే ప్రయోజనం లేదు, నాలుగు దిక్కులకూ పోవాలి. తర్వాత చెదిరిన చోటే ఏదైనా లావాటి చెట్టుకు వీపు ఆనించి కూర్చుని ఎదురుచూడాలి. వర్జీనియాలో దీనికోసం ప్రత్యేకంగా తయారుచేసిన కుక్కలున్నాయి. కుక్క గుంపును వాసనతో పసిగట్టి, వాటి మీదికి దూకి, మొరుగుతూ చెదరగొడుతుంది. ఆ తర్వాత యజమాని పక్కన ఒక సంచిలో దూరి తల మాత్రం బయటపెట్టుకుని గంటల తరబడి కదలకుండా పడుకుంటుంది. అంతసేపు ఉరకలేసిన కుక్క అలా నిశ్శబ్దంగా ఉండటం మామూలు శిక్షణతో అయ్యే పని కాదు. కుక్కలతో టర్కీ వేటకు అన్ని రాష్ట్రాలూ అనుమతించవు.

చెదిరిన గుంపు ఎందుకు తిరిగొస్తుంది? జూన్‌లో గుడ్డు పగిలి వచ్చిన పిల్ల అక్టోబర్‌కి చూడ్డానికి పెద్దదే గానీ ఇంకా తల్లి వెనకే తిరుగుతుంది. ఒంటరిగా ఉండటం దానికి తెలియదు. అరగంట గడిచేసరికి ఎక్కడో లోయలోంచి సన్నగా, ఈల వేసినట్టు 'కీ కీ కీ' అని వినిపిస్తుంది. తప్పిపోయిన పిల్ల పిలుపు అది. ఇంకో పక్క నుంచి ఇంకొకటి అందుకుంటుంది. గొంతు ముదురుతున్న పిల్ల అదే ఈల చివర్లో రెండు మూడు బొంగురు అరుపులు కలుపుతుంది. తల్లి పెట్ట ఒక చోట నిలబడి, గట్టిగా, ఆపకుండా వరసగా అరుస్తూ అందర్నీ పోగుచేయాలని చూస్తుంది. వేటగాడు నోట్లో పెట్టుకునే పలచటి పొర పరికరంతోనో, చెక్క పెట్టెతోనో ఆ పిల్ల ఈలను అనుకరిస్తాడు. ముసలి పుంజుల గుంపైతే ఇంత తొందరపడదు. అవి మళ్లీ కలుసుకోవడానికి సాయంత్రం దాకా, ఒక్కోసారి మర్నాడు పొద్దున దాకా పట్టొచ్చు. అరుపులూ తక్కువే, ఒకటీ అరా ముక్తసరి శబ్దాలతో సరిపెట్టుకుంటాయి. ఫాల్‌లో పెద్ద పుంజును కొట్టినవాడిని తోటి వేటగాళ్లు గౌరవంగా చూడటానికి కారణం అదే.

ఈ వేటలో భద్రత గురించి ఒక్క విషయం చెబితే చాలు. పుంజు తల, మెడ ఎరుపు, తెలుపు, నీలం రంగుల్లో ఉంటాయి. ఆ రంగుల చొక్కా గానీ చేతిరుమాలు గానీ వేటగాడి ఒంటి మీద ఉండకూడదు. పొదల మాటున కూర్చుని టర్కీలా అరిచే మనిషిని టర్కీ అనుకుని మరొకరు కాల్చిన ప్రమాదాలు నిజంగా జరిగాయి.

ఇప్పుడు పెట్టల సంగతి. వసంతకాలపు వేటలో దాదాపుగా పుంజుల్ని మాత్రమే కొట్టనిస్తారు. ఒక పుంజు చాలా పెట్టలతో జతకడుతుంది కాబట్టి కొన్ని పుంజులు పోయినా గుడ్లకు లోటు రాదు. ఫాల్‌లో చాలా రాష్ట్రాలు ఏ పక్షినైనా కొట్టనిస్తాయి. దీనికి ఒక కారణం, మసక వెలుతురులో, చెట్ల మధ్య, 30 గజాల దూరంలో ఉన్న నాలుగు నెలల పుంజు పిల్లకీ, పెట్టకీ తేడా పోల్చుకోవడం కష్టం. రెండూ దాదాపు ఒకే పరిమాణంలో ఉంటాయి, పిల్ల పుంజుకు రొమ్ము మీద గడ్డంలాంటి కుచ్చు ఇంకా సరిగా బయటికి రాదు. మరి పెట్ట పోతే ఏమవుతుంది? పెట్ట వసంతంలో పది పన్నెండు గుడ్లు పెట్టి 28 రోజులు నేల మీదే పొదుగుతుంది. సగం కన్నా ఎక్కువ గూళ్లు రకూన్లు, పాములు, స్కంక్‌ల పాలవుతాయి. పుట్టిన పిల్లల్లో సగానికి పైగా మొదటి కొద్ది వారాల్లోనే పోతాయి. ఇన్ని గండాలు దాటి ఒక ఏడాది బతికిన పెట్ట అడవికి చాలా విలువైనది. దాన్ని నవంబర్‌లో కాలిస్తే వచ్చే వసంతంలో దాని స్థానంలో గూడు పెట్టే పక్షి అంత సులువుగా రాదు.

వర్జీనియా, వెస్ట్ వర్జీనియాల్లో 1989 నుంచి 1994 దాకా పెట్టలకు రేడియో పరికరాలు కట్టి గమనించారు. ఫాల్ సీజన్ ఉన్న చోట్ల, లేని చోట్ల వాటి బతుకు ఎలా ఉందో పోల్చారు. తేలిందేమిటంటే, వేటలో పోయిన పెట్టలు ఎలాగూ చలికి చచ్చిపోయేవి అన్న వాదన నిలబడదు. వేట వల్ల జరిగే మరణాలు ప్రకృతి వల్ల జరిగేవాటికి అదనంగా తోడవుతున్నాయి. సీజన్ లేని చోట్ల టర్కీలు వేగంగా పెరిగాయి. దానికి తోడు ఫాల్‌లో పోయే టర్కీల్లో చాలా భాగం టర్కీ కోసమే వెళ్లినవాళ్లు కొట్టినవి కావు. జింక కోసం చెట్టు మీద కూర్చున్నవాడి కింద నుంచి గుంపు నడిచి వెళితే, లైసెన్స్ ఉంది కదా అని ఒకటి కొట్టేస్తాడు. గుంపును వెతికి, చెదరగొట్టి, పిలిచి కొట్టే అసలైన ఫాల్ వేటగాళ్లు సంఖ్యలో తక్కువ, వాళ్లు తెచ్చే నష్టం కూడా తక్కువే. సీజన్ కుదించాలన్నప్పుడు మాత్రం ముందు నష్టపోయేది వాళ్లే. ఇది అన్యాయంగానే ఉంది. జింకల సీజన్‌తో టర్కీల సీజన్ కలవకుండా తేదీలు వేరుచేయడం ఇద్దరికీ పనికొచ్చే మార్గం. మొత్తంగా మూసేయడం కన్నా అదే మేలు.

చాలా రాష్ట్రాలు ఇప్పటికే పట్టు బిగించాయి. న్యూయార్క్ 2015లో ఫాల్ సీజన్‌ను రెండు వారాలకు, మనిషికి ఒక్క పక్షికి తగ్గించింది. పెన్సిల్వేనియాలో తరతరాలుగా ఫాల్ టర్కీని రైఫిల్‌తో కొట్టే అలవాటు ఉండేది, 2021లో దాన్ని ఆపేశారు. 40 గజాల్లోపు మాత్రమే పనికొచ్చే షాట్‌గన్ అయితే దూరం నుంచి జింక వేటగాడు సరదాగా కాల్చే అవకాశం తగ్గుతుంది. కాన్సాస్ 2023లో ఫాల్ సీజన్‌ను పూర్తిగా నిలిపేసింది. ఈ నిర్ణయాలకు ఆధారం వేసవిలో చేసే పిల్లల లెక్క. జులై, ఆగస్టుల్లో పెట్టకు సగటున ఎన్ని పిల్లలు కనిపిస్తున్నాయో ఉద్యోగులూ పౌరులూ కలిసి నమోదు చేస్తారు. పిల్లలు ఎక్కువ పుట్టిన ఏడాది గుంపుల్లో అనుభవం లేనివే ఎక్కువ కాబట్టి వేట ఫలితం కూడా పెరుగుతుంది, గుంపు కూడా ఆ నష్టాన్ని తట్టుకుంటుంది. పిల్లలూ తక్కువ, ఓక్ కాయలూ లేని ఏడాది వస్తే మాత్రం పొలాల అంచున కనిపించే పక్షుల్లో పెద్ద పెట్టల వాటా పెరుగుతుంది. నియమాలు ఏడాది, రెండేళ్ల ముందే ఖరారవుతాయి, కాయల లెక్క తేలేది సెప్టెంబర్‌లో. ఈ ఎడం పూడ్చే పద్ధతి ఇంకా ఎవరికీ గట్టిగా దొరకలేదు.

భారత్‌లో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం తర్వాత వేట నేరం. నల్లమలలో అడవికోడిని కొడితే కేసు. అందుకని అడవి పక్షిని కాపాడటానికి వేటగాడి లైసెన్స్ డబ్బూ, తుపాకీ పన్నూ వాడటం తెలుగు పాఠకులకు వింతగా అనిపించొచ్చు. కానీ అక్కడ టర్కీలు తిరిగి వచ్చింది ఆ డబ్బుతోనే. సరిగ్గా ఆ కారణంగానే లెక్క తప్పితే జవాబు చెప్పాల్సిన బాధ్యత కూడా వేటగాళ్ల మీద ఉంటుంది.

సీజన్ తేదీల కన్నా లోతైన సమస్య అడవిలోనే ఉంది. ఓక్ మొక్కకు వెలుతురు కావాలి. పూర్వం ఆదివాసులు పెట్టిన మంటలూ, పిడుగుల వల్ల పుట్టిన మంటలూ కింది పొదల్ని కాల్చేసేవి. ఓక్ మొక్క వేరు నుంచి మళ్లీ చిగురించేది, పలచటి బెరడున్న మేపుల్, బీచ్ చచ్చిపోయేవి. ఇరవయ్యో శతాబ్దంలో అడవి మంటల్ని పూర్తిగా అణచివేయడంతో నీడలో పెరిగే రెడ్ మేపుల్ కింద అంతా కమ్మేసింది. మొలిచిన కొద్దిపాటి ఓక్ మొక్కల్ని జింకలు కొరికేస్తున్నాయి. యూరప్ నుంచి వచ్చిన స్పాంజీ మాత్ గొంగళి పురుగులు పెద్ద ఓక్‌ల ఆకులు తినేసి వరసగా రెండు మూడేళ్లు దాడి చేస్తే చెట్టునే చంపుతున్నాయి. పైన ముదురు ఓక్‌లు, కింద మేపుల్ మొక్కలు ఉన్న అడవి చూడ్డానికి పచ్చగానే ఉంటుంది. పై చెట్లు పడిపోయాక అక్కడ టర్కీకి చలికాలపు తిండి ఉండదు. అందుకే ఎక్కువగా వర్జీనియాలో ఉన్న జార్జ్ వాషింగ్టన్, జెఫర్సన్ జాతీయ అడవుల్లో ఇప్పుడు అటవీ సిబ్బంది గాలి, తేమ చూసుకుని నియంత్రిత మంటలు పెడుతున్నారు, కొన్నిచోట్ల పెద్ద చెట్లను పలచన చేసి నేల దాకా వెలుతురు పంపుతున్నారు. ఈ పనులకు పొగ గురించి, నరికివేత గురించి చుట్టుపక్కల వాళ్ల అభ్యంతరాలు ఉంటాయి. అవి అర్థం చేసుకోదగ్గవే. అయినా ఫాల్ సీజన్ ఉంచాలా తీసేయాలా అని వాదించుకునే వేటగాళ్ల సంఘాలు ఆ సమావేశాలకు కూడా వెళ్లి కూర్చోవాలి. వైట్ ఓక్ మొలకెత్తిన తర్వాత కాయలు కాయడం మొదలుపెట్టడానికే సుమారు 20 ఏళ్లు, నిండుగా కాయడానికి 50 ఏళ్లు పడుతుంది.